ప్లగిన్ సెట్టింగుల్లో ఒక వరుస

తమ్ముడు కీబోర్డు ఎత్తి ఇంజనీరు మొహం మీద కొట్టాడు. మా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ సిద్ధం చేసి బయటికి పంపే పని అతనిది. పెదవి చిట్లి, నెత్తురు బల్ల మీద పడింది.

"మన సర్వర్లు తెరిచే క్లౌడ్ కీ తీసుకెళ్లి ప్లగిన్ సెట్టింగుల్లో రాసేస్తావురా? కోడుతోపాటు అదీ బయటికి పోయింది. ఎవడో దాంతో లోపలికొచ్చి కస్టమర్ల డేటా మొత్తం తుడిచేశాడు!"

"నేను రాయలేదు సార్. నేను చేరేటప్పటికే ఉంది."

"ఇంకా అబద్ధాలా?" అని మెడ పట్టుకుని తల గోడకేసి కొట్టాడు.

మూల కుర్చీలో కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్న నేను లేచాను. "ఆగరా. ఏ వరుస ఎవరు రాశారో సిస్టమే చెబుతుంది కదా."

"నువ్వు కూర్చో అక్కా. వీడి సంగతి నేను తేలుస్తా."

ఆ సెట్టింగుల ఫైలు నేనే తెరిచి చూపించాను. ఆ వరుస పక్కన మూడేళ్ల కిందటి తేదీ, నా పేరు ఉన్నాయి. టెస్టింగ్ కోసం పెట్టి, తీసేయడం మరిచాను.

తమ్ముడి పిడికిలి విడింది. వెళ్లి మంచినీళ్లు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "పోనీలే అక్కా, పొరపాట్లు ఎవరికైనా అవుతాయి."

గ్లాసు ఇంజనీరుకిచ్చాను. చిట్లిన పెదవితో తాగలేకపోయాడు.

ఆ వరుస నాదేనని మొదటి దెబ్బ పడినప్పుడే నాకు గుర్తొచ్చింది. ఆ మాట ఇద్దరికీ చెప్పలేదు.