జాకీ మీద కారు

స్టీరింగు కడ్డీ నట్టు వేలితో తిప్పగానే ఊడి అతని అరచేతిలో పడింది. రేపు పందెంలో మొదటి మలుపుకే చక్రాలు మాట వినేవి కావు, కారు గోడను గుద్దేది.

"ఒరేయ్ బామ్మర్దీ! స్ప్రింగులు కోసి, పాత ఇనుము అతికించి మలుపుల్లో జారుతూ తిరిగే డ్రిఫ్ట్ కారు చేశానంటావు. నట్టు బిగించడం కూడా రాదురా వెధవా?" కారు కింద వెల్లకిలా పడుకునే అరిచాడు.

రాత్రి షెడ్డులో రెండు చెప్పులు వచ్చి జాకీ పక్కన ఆగాయి.

"చెవుడా? స్పానర్ అందివ్వు."

జాకీ పిడి కిర్రుమంది. కారు మెల్లగా దిగి అతని ఛాతీకి ఆనింది.

"ఏయ్! ఏంటది?"

"బిగించడం వచ్చు బావా. నేనే వదులు చేశా, రేపు మలుపులో పోతావని. ఇందాక జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా కింద స్టాండ్లు పెట్టుకోమంటే పిరికిపందనని నవ్వావు చూడు... ఇక రేపటిదాకా ఎందుకులే అనిపించింది."