రెండు దిండ్లు

"కట్టిన ముడే కదమ్మా, విప్పేయండి" అంది అత్తగారు డాక్టరమ్మతో, జాకెట్టు కుట్లు విప్పించుకోవడానికి వచ్చినంత తేలిగ్గా.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. పిల్లలు పుట్టకుండా చేసేటప్పుడు గర్భసంచికి అటూ ఇటూ ఉండే గొట్టాలను కొందరు కోసి ముడేస్తారు, కొందరు రింగు బిగిస్తారు. ఎంత మిగిలిందో చూస్తేగానీ మళ్లీ అతకొచ్చో లేదో తెలియదు. అతికినా బిడ్డ పుడుతుందని నమ్మకం లేదు.

ఇవేవీ అత్తగారు చెవిన పెట్టలేదు. మనవరాళ్లిద్దరూ పెద్దవాళ్లయిపోయి ఒళ్లోకి రావడం మానేశారు. ఎత్తుకోవడానికి ఆవిడకిప్పుడు ఓ పసిబిడ్డ కావాలి. కూర్చున్నా అదే మాట, నిలుచున్నా అదే మాట.

కోడలు గోళ్లు కొరుక్కుంటోంది. ఆమెకు మూడో కానుపు వద్దు, పొట్ట కోయించుకోవడం అసలే వద్దు. అతకడం కుదరదని డాక్టరమ్మ ఒక్క మాట అనేస్తే బతికిపోతాననుకుంది. బస్సు డ్రైవరైన మొగుడేమో గోడ మీది గర్భసంచి బొమ్మనే గుడ్లప్పగించి చూస్తున్నాడు. తల్లికి ఎదురుచెప్పి ఎరగడు. అతనికి సూది గుచ్చితే ఆవిడ కళ్లు తిరిగి పడిపోయే రకం మరి.

కోడలి ఆపరేషనప్పుడు తానెంత చాకిరీ చేసిందో అత్తగారు ఏకరువు పెట్టింది. కోడల్ని మంచం దిగనివ్వలేదట. కొడుకైతే మరీ చోద్యం. పెళ్లాం మీద బెంగతో సెలవు పెట్టేసి, కాళ్లీడ్చుకుంటూ ఇల్లంతా తిరిగాడట. నడుం నిలవక కుర్చీలో రెండు దిండ్లు వేయించుకున్నాడట. అలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడని మురిసిపోయింది.

కోడల్ని లోపలికి తీసుకెళ్లి, గొట్టాల్లోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు.

"పొట్ట మీద మచ్చ కూడా లేదేమిటి?" అంది డాక్టరమ్మ బయటికొచ్చి.

"పూటపూటా నేను రాసిన నూనె చలవ" అంది అత్తగారు గర్వంగా.

డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి చూసింది. తిప్పి ఇంకోసారి చూసింది.

"గొట్టాలు రెండూ నిక్షేపంలా ఉన్నాయండీ. ఈవిడకి ఎవరూ ఏ ఆపరేషనూ చెయ్యలేదు."

అత్తగారు ఇంతెత్తున లేచింది. ఇంత నాటకమా, తన చేత ఊరికే సేవలు చేయించుకుందా అంటూ కోడల్ని దులిపేసింది. కోడలు తల దించుకుని మొగుడి వైపు ఓరగా చూసింది.

డ్రైవరు లేచాడు. తన కుర్చీ తీసి తల్లి వెనక్కి జరిపాడు.

"ముందు కూర్చోమ్మా, పడిపోతావు... అప్పుడు ఆపరేషన్ చేయించుకుంది నేను."