కింది వాటాయన ఫిర్యాదులు

"మీ కిటికీ నన్ను నిద్రపోనివ్వడం లేదండీ."

తలుపు తీయగానే కింది వాటాయన అన్న మొదటి మాట అది. చేతిలో నల్లటి స్పాంజి టేపు చుట్ట, భుజం మీద పొడిగుడ్డ.

లైబ్రేరియన్ గారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఉద్యోగమంతా 'నిశ్శబ్దం' అన్న బోర్డు కింద గడిపిన మనిషి. ఆయన మీద చప్పుడు ఫిర్యాదు ఇదే మొదలు.

"గాలికి కొట్టుకుంటోంది, నన్నేం చేయమంటారు?" అని గొణిగారు.

"కాస్త నోరు తెరిచి మాట్లాడండి సార్. పెదాలు కదపకపోతే ఎలా?" అంటూ ఆయన లోపలికి వచ్చేశాడు. ఆయన గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపించేట్టుంది.

భార్య పోయాక ఆ ఇంట్లోకి అంత చొరవగా ఎవరూ రాలేదు. రమ్మని ఈయనా ఎవర్నీ పిలవలేదు.

కింది వాటాయన తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్ళి, రెక్క మీద అరచెయ్యి ఆనించాడు. నాడి చూసే వైద్యుడిలా కాసేపు కదలకుండా నిలబడ్డాడు.

"ఇదిగో, ఇక్కడ."

చట్రానికీ రెక్కకీ మధ్య సందులో మడిచిన క్యాలెండర్ కాగితం ఒకటి ఇరికించి ఉంది. ఆయన దాన్ని లాగబోయాడు.

"దాన్ని తీయకండి," అన్నారు లైబ్రేరియన్ గారు వెనకనుంచి.

ఆ చెయ్యి ఆగలేదు. గబగబా వెళ్ళి మణికట్టు పట్టుకోవాల్సి వచ్చింది.

"అది మా ఆవిడ పెట్టింది. ఆసుపత్రికి బయలుదేరుతూ, ఆటో కింద ఆగి ఉంటే, మళ్ళీ వెనక్కి వచ్చి పెట్టింది. నేను లేనప్పుడు మీకు నిద్ర పట్టదు కదా అని."

ఆవిడ తిరిగి రాలేదు. మడత నలిగి నలిగి పల్చబడింది. ఇంకో కాగితం పెట్టాలంటే దీన్ని తీయాలి. అందుకు మనసొప్పక, గాలి మొదలైన ప్రతి సాయంత్రమూ ఆయన ఆ రెక్కని చేత్తో అదిమి పట్టుకుని నిలబడేవారు.

కింది వాటాయన ముఖంలోకే చూస్తూ అంతా విన్నాడు.

"సరే సార్. దీని జోలికి వెళ్ళను. చుట్టూ వేస్తాను."

పొడిగుడ్డతో చట్రం తుడిచాడు. టేపు ముక్క కత్తిరించి, వెనక కాగితం కొద్దికొద్దిగా ఊడదీస్తూ వేలితో ఒత్తుకుంటూ పోయాడు.

"లాగి అంటించకూడదు సార్. అప్పటికి అతుక్కున్నట్టే ఉంటుంది, తర్వాత ముడుచుకుపోతుంది."

రెక్క మూసి, మళ్ళీ అరచెయ్యి ఆనించి, తృప్తిగా తలాడించాడు.

"ఇక మీ చేతుల్ని వేరే పనికి వాడుకోవచ్చు."

ఆ సాయంత్రం లైబ్రేరియన్ గారికి కృతజ్ఞత కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఉన్న ఒక్క పనీ పోయింది.

కొద్ది రోజులకే మళ్ళీ వచ్చాడు.

"మీ వంటింటి తలుపు సార్."

ఆ తర్వాత పుస్తకాల బీరువా అద్దం. ఆ తర్వాత స్నానాలగది వెంటిలేటర్. అరచెయ్యి, పొడిగుడ్డ, టేపు. పని చిటికెలో అయిపోయేది. మాటలే అయ్యేవి కావు.

"ఈ డబ్బా మీద 'పంచదార' అని రాసింది ఆవిడేనా? ఉప్పుందేమిటి మరి లోపల?"

"పంచదార దొంగకి దొరక్కూడదని. ఆ దొంగని నేనే."

చాలాకాలానికి ఆ వంటింట్లో నవ్వు వినిపించింది. తనదేనని లైబ్రేరియన్ గారికి కాస్త ఆలస్యంగా తెలిసింది.

ఆవిడ గురించి అడిగేవాళ్ళు లేక లోపలే ఉండిపోయిన మాటలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. టీ కాచడం మళ్ళీ అలవాటైంది. పొయ్యివైపు తిరిగి చెప్పిన దేనికీ ఆయన ఊఁ కొట్టేవాడు కాదు. తనకి కావలసిందే వింటాడు, మొండిమనిషి అనుకుని, ఈయన ఎదురుగా కూర్చుని మళ్ళీ మొదటినుంచీ చెప్పేవారు.

"మీవి పాము చెవులండీ బాబూ," అన్నారొకసారి.

కింది వాటాయన దగ్గొచ్చేదాకా నవ్వాడు.

ఆ దగ్గు తగ్గలేదు.

"కొన్నాళ్ళు మా చెల్లెలింట్లో ఉండి ఛాతీకి వైద్యం చేయించుకొస్తాను సార్. నేనొచ్చేదాకా చప్పుళ్ళన్నీ దాచిపెట్టండి."

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. కిటికీ మాట్లాడదు, తలుపు మాట్లాడదు. మెట్ల మీద అడుగులూ లేవు.

ఒక మధ్యాహ్నం లైబ్రేరియన్ గారు బీరువాకి అంటించిన టేపుని తనే చివర పట్టుకుని ఊడదీశారు. ఫ్యాను వేశారు. అద్దం గలగలలాడింది. వచ్చి తిట్టనీ, అనుకుని టీకి రెండు గ్లాసులు కడిగి పెట్టారు.

రోజూ అలాగే పెట్టేవారు. చివరికి ఒకరోజు తలుపు చప్పుడైంది.

గుమ్మంలో ఒకావిడ. అచ్చం ఆయన ముక్కే. చేతిలో స్పాంజి టేపు చుట్ట.

"కింది వాటా ఆయన చెల్లెల్నండీ. ఇల్లు ఖాళీ చేయడానికొచ్చాను. ఇది మీకిమ్మన్నాడు అన్నయ్య, పోయేముందు."

లైబ్రేరియన్ గారు చుట్ట అందుకున్నారు. వెనక అద్దం గలగలమంటూనే ఉంది.

"ఆయనొచ్చి కోప్పడాలని నేనే టేపు ఊడదీశానమ్మా. చప్పుడంటే బొత్తిగా పడేది కాదుగా."

"చప్పుడా?" ఆవిడ అర్థం కానట్టు చూసింది. "మీరు సాయంత్రాలు కిటికీ పట్టుకుని ఒక్కరే నిలబడేవారట కదా. వీధిలోంచి అది చూసొచ్చాక తనకి నిద్ర పట్టడం లేదనేవాడు."

"అవును, కిటికీ చప్పుడికి నిద్ర పట్టడం లేదనే మొదట పైకొచ్చాడు."

"అయ్యో, మీకు తెలీదా బాబాయిగారూ? మిల్లులో మగ్గాల మధ్య పనిచేసీ చేసీ అన్నయ్యకి ఎప్పుడో రెండు చెవులూ పోయాయి, పెదాలు చూసే మాట్లాడేవాడు."