కింది లైను

"ఆ లైను చెరిపెయ్ బావా. మర్యాదగా చెబుతున్నా."

"చెరపను. ఏం చేస్తావ్?"

బామ్మర్ది రంగు డబ్బా ఎత్తి బావ మొహం మీద కొట్టాడు. ముక్కు పగిలింది.

లేతు షెడ్డులో నేల మీద బ్యానర్ పరిచి ఉంది. పై లైను ఇద్దరూ కలిసే రాశారు: 'పరాయి యుద్ధానికి మా బిడ్డల్ని పంపం'. బావది కార్మిక సంఘం. బామ్మర్దికి దేశం తర్వాతే దేవుడైనా. బుద్ధెరిగాక ఇద్దరూ ఒక్కమాట మీద నిలబడింది ఇదే మొదటిసారి. బావ కొడుక్కి నిన్ననే సైన్యం నుంచి పిలుపొచ్చింది మరి.

చిక్కంతా కింది లైనుతో వచ్చింది. 'షావుకార్ల లాభం కోసం చావం' అని బావ రాసేశాడు. 'పరాయివాళ్ళ కోసం చావం' అని ఉండాలంటాడు బామ్మర్ది.

"అక్కడ చస్తున్నదీ మనలాంటి కూలోళ్ళేరా! వాళ్ళు పరాయివాళ్ళెలా అవుతారు?"

"అందర్నీ నెత్తినెక్కించుకోబట్టే దేశం ఇలా తగలడింది!"

బావ తల వంచి దూసుకొచ్చి అతని పొట్టలో కుమ్మాడు. బామ్మర్ది వెళ్ళి లేతు మిషను మీద పడ్డాడు. లేస్తూనే చేతికందిన పెద్ద స్పానర్ విసురుగా తిప్పాడు. బావ చెవి చీలి వేలాడింది. బావ ఇనప రాడ్డు అందుకుని దవడ మీద ఒక్కటిచ్చాడు. బామ్మర్ది నోట్లోంచి రెండు పళ్ళు బ్యానర్ మీద రాలాయి.

"నాన్నా! మామయ్యా! ఆగండి!"

కొడుకు పరిగెత్తుకొచ్చి మధ్యలో దూరాడు. కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. స్పానరూ రాడ్డూ ఒక్కసారే దిగాయి. ఎముకలు పటపటమన్నాయి. వాడు అరవడానికి కూడా శక్తి లేక కుప్పకూలాడు.

ఆస్పత్రి వరండాలో ఇద్దరూ కట్లతో ఎదురెదురుగా కూర్చున్నారు.

"నీ స్పానరే తగిలింది, కసాయివాడా! నేను ఆఖర్లో చెయ్యి ఆపుకున్నా."

"ఆపుకున్నది నేను! నీ రాడ్డే వాణ్ణి ఇంత పనీ చేసింది. కన్నకొడుకని కూడా చూడలేదు."

"నోళ్ళు ముయ్యండి!" అంది వాడి తల్లి. "మీ ఇద్దర్లో ఎవడు కొట్టాడో తేలనీ, వాణ్ణి జైల్లో పెట్టిస్తాను. మొగుడో తమ్ముడో నాకు లెక్కలేదు."

డాక్టర్ బయటికొచ్చాడు.

"చెయ్యి తీసెయ్యక్కర్లేదు. కానీ వేళ్ళు ఇక ముడుచుకోవు. జన్మలో ఆ చేత్తో పని చెయ్యలేడు."

తల్లి గోడకు జారబడి అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

"తుపాకీ?" మెల్లగా అడిగాడు బావ.

"తుపాకీనా! చెంచా పట్టుకుంటే గొప్ప. సైన్యం ఈ అబ్బాయిని తీసుకోదు."

బావ గొంతు సవరించుకుని లేచాడు.

"తగిలింది నా రాడ్డే."

బామ్మర్ది ఎగిరి అతని కాలర్ పట్టుకున్నాడు. "ముమ్మాటికీ నా స్పానరే!"