డిగ్రీ అయినంకనే

"నాయనా, సూర్యాపేటోళ్లు మల్ల ఫోన్ చేసిండ్రు. వయసు ఆగుతదా? జర పెండ్లి సంగతి సూడు," అంది జమున.

"డిగ్రీ అయినంకనే అమ్మా," అన్నాడు ధనుంజయ్, కంచంలోంచి తల ఎత్తకుండానే. "పెండ్లి పనులల్ల పడితె ఇగ నువ్వు పుస్తకం ముట్టవు."

"గా సంబంధం పోతె?"

"ఇంకోటి దొరుకుతది. పట్టా దొరకదు."

జమునకు పెళ్లి మీదున్న ధ్యాస చదువు మీద లేదు. ఇంటి నుంచే చదివే డిగ్రీ అది, ఆఖరి ఏడాది. ఆదివారాలు ఫోన్లో క్లాసులు. వేములపల్లిలోని వాళ్లింట్లో సిగ్నల్ అందదు. మేడెక్కి నీళ్ల ట్యాంకు పక్కన నిలబడితేనే అందుతుంది. ఐదో సెమిస్టరంతా ఆ పేరు చెప్పే గడిపేసింది. "సిగ్నల్ లేదు" అంటే సారూ మారు మాట్లాడేవాడు కాదు, ధనుంజయ్ కూడా. రెండు సబ్జెక్టులు పోయాయి. ఆ నిందా సిగ్నల్ మీదికే పోయింది.

ధనుంజయ్ మిర్యాలగూడ రైస్ మిల్లులో గుమాస్తా. ఒకరోజు కేబుల్ మనిషిని వెంటబెట్టుకొచ్చి ఇంటికి వైఫై పెట్టించాడు.

"ఇగ సిగ్నల్ పరేషాన్ ఖతం," అన్నాడు.

జమున ముఖం వాడిపోయింది. కోతులు తీగ తెంపితే బాగుండునని వారం రోజులు ఎదురుచూసింది. తెంపాయి కూడా. అరగంటలో ఆ మనిషే వచ్చి అతికించి పోయాడు.

ఆ ఆదివారం పెద్ద వాన. క్లాసులోంచి ఒక్కొక్కరే మాయమయ్యారు. నలభై మందిలో జమున ఒక్కతే మిగిలింది. సారు గంటసేపు ప్రశ్నలన్నీ ఆమెనే అడిగాడు. ప్రతిదానికీ ఆమె పుస్తకం పేజీలు అటూ ఇటూ తిప్పింది.

"సార్, మీ మాట వినబడ్తలేదు," అంది చివరికి.

"మీ పక్కన పల్లీలు నమిలే చప్పుడు కూడా నాకు వినబడుతోంది జమున గారూ," అన్నాడు సారు.

ధనుంజయ్ నమలడం ఆపేశాడు.

"ఇజ్జత్ పోయింది," అంది జమున, ఫోన్ పెట్టేసి. ఆ పూట అన్నం తినలేదు.

మరుసటి ఆదివారం పాఠం ముందే చదివి కూర్చుంది. సారు అడగకముందే జవాబు చెప్పింది. ఆ తర్వాత ఆమెను ఆపడం సారు వల్ల కాలేదు. పోయిన రెండు సబ్జెక్టులతో సహా అన్నిట్లోనూ గట్టెక్కింది.

ఫలితాలొచ్చిన మర్నాడే జమున పట్టుచీర కట్టుకుని, కొడుకు ధనుంజయ్‌కి పిల్లను చూడడానికి సూర్యాపేట బస్సెక్కింది.