శుక్రవారం కొండ

వడ్డేపల్లిలో మిట్టమధ్యాహ్నం ఎవరో ఒకాయన వచ్చి, చేతిసంచి కింద పెట్టి, అఖిల వాకిట్లో ఎండలో నిలబడ్డాడు.

పక్కనే రేకుల పందిరి ఉంది. పందిరి కింద కుర్చీ ఉంది. ఆయన మాత్రం ఆ రెండూ కనబడనట్టు మొహం పైకెత్తి నిలబడ్డాడు.

"ఏందన్నా, గట్ల ఎండల నిలబడ్డవు? నీడకు రా," అంది అఖిల.

"ఉండనియ్యి చెల్లె. ఎండ మంచిగున్నది."

మనిషి దవాఖానాలోంచి లేచి వచ్చినట్టు పాలిపోయి ఉన్నాడు. పేరు చెన్నయ్య అన్నాడు. ఊరు అమ్రాబాద్ దిక్కు. దుబాయి పక్క ఫుజైరాలో జయరాజూ తనూ ఒకే గదిలో ఉన్నామనీ, నిన్ననే దిగాననీ, ఇంటికి పోకముందే జయరాజును చూడాలనిపించిందనీ చెప్పాడు.

అఖిల మొగుడు జయరాజు పత్తి గింజల మూటలతో గద్వాల పోయాడు. మాపటికి గానీ రాడు.

ఫుజైరా పేరు వినగానే అఖిల కుర్చీ దులిపి ముందుకు జరిపింది. ఆయన దాన్ని ఎండలోకి లాక్కుని కూర్చున్నాడు. ఆ ఊరి సంగతులు ఆమెకు వడ్డేపల్లి సంగతుల కన్నా బాగా తెలుసు.

మొగుడు అక్కడున్న నాలుగేళ్లూ నెలనెలా ఉత్తరం వచ్చేది. జయరాజుది వేలిముద్రే. గదిలో చదువుకున్నవాడెవరో రాసిపెట్టేవాడు. ఎవరు రాస్తేనేం, చెప్పింది తన మొగుడు కదా అని అఖిల మురిసిపోయేది. శుక్రవారం సెలవు పూట కొండ ఎక్కడం, కొండ కింది మడుగులో ఈత, సాయంత్రం బలూచీ డ్రైవరు తీగల వాయిద్యం మీటుతుంటే మలయాళీలు నూనె డబ్బాల మీద దరువు వేయడం, మనవాళ్లు పాట ఎత్తుకోవడం, అన్నీ ఉండేవి వాటిలో. వాడకట్టు ఆడవాళ్లందరికీ చదివి వినిపించేది. నీ మొగుడు పనికి పోయిండా, జాతరకు పోయిండా అని వాళ్లు ఆటపట్టిస్తే ఇంకాస్త మురిసేది.

జయరాజు తిరిగొచ్చి ఏడాది దాటింది. కొండ గురించి ఒక్క మాట లేదు. అడిగితే, ఉంటది ఏదో కొండ అని తువ్వాల దులుపుకుని లేచిపోతాడు.

ఎవరినో కూర్చోబెట్టి అంతేసి చెప్పినవాడు, కట్టుకున్న తనకు చెప్పడేం? మనసు అక్కడే వదిలేసి వచ్చాడనీ, తన మీద ఇంకేమీ మిగల్లేదనీ అఖిల తేల్చేసుకుంది. ఆ దిగులు ఆమెను లోపల్లోపల తినేస్తోంది.

"అన్నా, ఆయనతోని నువ్వు గూడ కొండకు పోతుంటివా?"

"లేదు చెల్లె. నేనెన్నడు పోలే."

"మడుగుకు?"

"పోలే."

అంత దూరం పోయి గదిలో పడుకుని వచ్చాడా ఈయన అని అఖిలకు జాలేసింది. కాస్త చులకనా కలిగింది. వినైనా సంతోషిస్తాడని బిస్కెట్ల డబ్బాలోంచి తనకు బాగా ఇష్టమైన ఉత్తరం తీసి చదివింది.

"కొండ పొద్దుగాల బూడిద రంగుల ఉంటది. మాపటికి కాలిన పెంక తీరు ఎర్రగైతది. మేకలు పైకి ఎక్కుతుంటే చీమల బారు పోతున్నట్టే ఉంటది..."

చెన్నయ్య కళ్లు మూసుకున్నాడు. నిద్రపోతున్నాడనుకుని ఆమె కోపంగా ఉత్తరం మడిచేసింది.

"అన్ని దాచినవా చెల్లె?" అన్నాడు, కళ్లు తెరవకుండానే.

"దాచక? రాసేటోనికి గివన్ని చెప్పిండు. నాకు చెప్తలేడు." అనకూడదనుకుంటూనే అనేసింది.

చెన్నయ్య కళ్లు తెరిచి ఆ ఉత్తరం దిక్కు చూశాడు.

"అన్ని ఉత్తరాల కింద 'పైలం' అని ఉంటది సూడు. అది మర్చిపోకు," అన్నాడు.

అది ఆయనకెలా తెలుసో అడగాలని అఖిలకు తోచలేదు. అన్నం తినమంటే వద్దన్నాడు. మజ్జిగ తాగి లేచాడు. బీచుపల్లి పోయి కృష్ణలో మునిగి, అటునుంచి ఊరికి పోతానన్నాడు. బస్సు ఉందని చెప్పింది.

"నడుస్త చెల్లె. నడవాలనున్నది."

ఎండలో పొలం గట్ల మీదుగా, ప్రతి చెట్టు దగ్గరా ఆగి చూస్తూ పోయాడు. వింత మనిషి అనుకుంది అఖిల.

మాపటికి జయరాజు వచ్చాడు. చెన్నయ్య పేరు చెవిన పడగానే సైకిలు వెనక్కి తిప్పాడు. పొద్దు కుంకాక ఒక్కడే తిరిగొచ్చాడు. దారిలో ఎక్కడా కనబడలేదట. ఆయనది ఏ ఊరో సరిగ్గా తనకూ తెలియదట. వాకిట్లో చతికిలబడి ఏడ్చాడు. పెళ్లయినప్పటి నుంచి అతని కంట నీళ్లు అఖిల చూసింది లేదు.

"ఆయనను పోనిస్తివా? నీ ఉత్తరాలు రాసింది ఆయననే."

"రాసింది ఆయనైతే, చెప్పింది నువ్వే గద?"

"నేను చెప్పింది రెండు ముక్కలే. బాగున్న, నువ్వు పైలంగ ఉండు. మిగిలిందంత ఆయనదే. నీ జవాబులు గూడ ఆయననే చదివి వినిపిస్తుండె. నువ్వు మురుస్తున్నవని తెల్సినంక నాకు చెప్ప నోరు రాలే. శుక్రవారం గూడ పనే మాకు. నేనేడ ఎక్కిన కొండ?"



"మరి ఆయన, నేనెన్నడు కొండకు పోలే అన్నడు గద?"

"యాడికి పోతడు? ఏజెంటు దొంగ వీసా అంటగట్టిండు. బయట కనపడితే జైలే. మాకు వండిపెట్టుకుంట నేనున్న నాలుగేండ్లు గది గడప దాటలే. గిప్పుడు ఆడి సర్కారు గసొంటోళ్లకు మాఫీ ఇచ్చినంక బయటపడ్డట్టున్నడు."

ఎండ మంచిగున్నదన్న మాట అఖిలకు గుర్తొచ్చింది.

"పొయ్యి పక్కన గింతంత కిటికి ఉండె," అన్నాడు జయరాజు. "అండ్లకెల్లి పాటలు వినపడుతుండె. కొండ గూడ కనపడుతుండె."