తోమిన గోడ

"గోడలకు నల్ల బూజు లేదని రాసుకో, నవీనా," అంది పుష్పలత.

పిల్లల ఆరోగ్య సర్వేకు వచ్చిన నవీన తేమ కొలిచే మీటరును గోడకు ఆనించింది. "మీటరు వేరే చెప్తున్నదక్కా. బ్లీచ్ వాసన కూడ వస్తున్నది."

"మనిషి ఇంటికొస్తుంటే తోమకుండ ఎట్లుంటరు? పొద్దుగాల లేచి తోమిన."

"మళ్ల రాదా?"

"వారం తిరిగేసరికి నల్లగైతది."

పక్కగదిలో నాలుగేళ్ల సాయిప్రియ దగ్గు అందుకుంది. ఈ చలికాలంలోనే ఆ పిల్లను రెండుసార్లు ఆస్పత్రిలో పెట్టారు. పుష్పలత గొంతు తగ్గింది. "నేనే సరిగ్గ తోముతలేనేమో. మా అత్తమ్మ ఫోన్ల అదే అంటది."

నవీన పెన్ను ఆపింది. "నీ తప్పేం లేదక్కా. చలిని ఆపే పొర ఈ గోడలల్ల లేదు, అందుకే తేమ పట్టి బూజొస్తది. అది పెట్టియ్యాల్సింది ఓనరు. మీటరు చూపిన తేమ రాస్త, కానీ బూజు కంటితో చూస్తెనే రాయాలె. నాకు కనిపిస్తున్నది శుభ్రమైన గోడ."

న్యూజిలాండ్‌లోని ఈ ఇన్వర్‌కార్గిల్ ఊరికి వచ్చినప్పటి నుంచి, మూడేళ్లుగా, బిడ్డ తరఫున సాక్ష్యం చెప్పే మచ్చలను ప్రతి శనివారం తన చేతులతోనే చెరిపేస్తున్నానని పుష్పలతకు అప్పుడు తెలిసింది.

ఆమె విసురుగా పడకగదిలోకి నడిచింది.

"బీరువా బరువుంటది, ఆ పక్క పట్టుకో," అంది. "దీని వెనక నా చెయ్యి పోదు."